గోడల్లేని చోటుకి ధర

ప్రకటనలో ఉన్నది ఇంతే. న్యూయార్క్‌లోని సోహో చారిత్రక ప్రాంతంలో, యుద్ధానికి ముందు కట్టిన భవనంలో మూడో అంతస్తు మొత్తం అమ్మకానికి ఉంది. వెడల్పు 25 అడుగులు, పొడవు 92, కప్పు ఎత్తు 13. లిఫ్టు తలుపు తెరుచుకుంటే నేరుగా హాల్లో కాలు పెడతారు. ధర 35 లక్షల డాలర్లు. అట్టడుగున చిన్న అక్షరాల్లో 'కో-ఆప్, ఏ.ఐ.ఆర్.' అని ఒక ముక్క. తగాదాలో సగం ఆ చిన్న అక్షరాల్లోంచే పుట్టింది.

కొందామంటున్నది మేనకోడలు. న్యూజెర్సీలో కూచిపూడి నేర్పుతుంది, సొంతంగా నృత్య రూపకాలు కూరుస్తుంది. భర్తది బ్యాంకు ఉద్యోగం. ఉన్న ఇల్లు అమ్మి, దాచింది కలిపితే ఎంతవరకు వెళ్ళగలరో లెక్కగట్టి చెప్పి, మిగతాది మీరు మీరు తేల్చుకోండని అతను తప్పుకున్నాడు. వద్దంటున్నది మామయ్య. రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా రిటైరై, ఎడిసన్‌లో ఉన్న కూతురి దగ్గరికి రాజమండ్రి నుంచి వచ్చారు. ఇల్లు చూసొచ్చిన సాయంత్రం ఎడిసన్‌లో భోజనాల బల్ల దగ్గర నడిచిన మాటలివి. కుండలీకరణాల్లో ఉన్నవి నావి.

మామయ్య: ముందు ఇది చెప్పమ్మా. నువ్వు నాకు చూపించింది ఇల్లా, గోడౌనా?

మేనకోడలు: గోడౌనే మామయ్యా, ఇక్కడ లాఫ్ట్ అంటారు. కట్టిన రోజుల్లో కింద టోకు కొట్టు, పైన సరుకు, ఆ పైన కుట్టుపని. ఇవాళ నువ్వు చూసిన భవనాల్లో చాలావాటి పుట్టుక అదే. కాపురాలు తర్వాత వచ్చాయి.

మామయ్య: మరి 'యుద్ధానికి ముందు' అని గొప్పగా వేశారే, ఏ యుద్ధం?

మేనకోడలు: రెండో ప్రపంచ యుద్ధం. ఇక్కడి బ్రోకర్లకి 1940కి ముందు కట్టిందల్లా ప్రీవారే. ఆ మాట వినగానే మందపాటి గోడలు, ఎత్తు కప్పు, చెక్క నేల అని కొనేవాళ్ళు అర్థం చేసుకుంటారు. మనం చూసింది ఇంకా బాగా పాతది, 1870ల నాటిది.

మామయ్య: అది తెలుస్తూనే ఉంది. గుమ్మం పక్క స్తంభానికి అయస్కాంతం ఆనిస్తే టక్కున పట్టుకుంది. పైకి చెక్కిన రాయిలా ఉంది గానీ అంతా రంగేసిన పోత ఇనుము.

మేనకోడలు: నువ్వు అయస్కాంతం జేబులో వేసుకుని బయల్దేరావా!

మామయ్య: ఫ్రిజ్ మీద బొమ్మ వెనక ఉంటే పీక్కొచ్చాను. వట్టి చేతుల్తో సైటుకి వెళ్ళే అలవాటు నాకు లేదు.

మేనకోడలు: నీకంటే ముందు ఆ పని మార్గోట్ గేల్ చేసింది. పోత ఇనుము భవనాల కోసం 1970లో ఒక సంఘం పెట్టి, చూడ్డానికి వచ్చినవాళ్ళ చేతుల్లో అయస్కాంతాలు పెట్టి ఈ వీధుల్లో తిప్పేది. పాతబడ్డాయి, కూల్చేయొచ్చు అనుకుంటున్న భవనాలని జనం చేత తాకించింది. 1973లో నగరం సోహోలో 26 బ్లాకుల్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. అది జరక్కపోతే నీ అయస్కాంతానికి ఇవాళ పనుండేది కాదు.

మామయ్య: ఆ ముఖభాగం నాకూ నచ్చిందమ్మా, కాదనను. స్తంభాలూ కమానులూ కేటలాగులో ఎంచుకున్నారు, కార్ఖానాలో పోత పోయించారు, సైటుకి తెచ్చి బోల్టులు బిగించారు. మనం ఇవాళ ప్రీకాస్ట్ అని చెప్పుకుని మురిసిపోయే పద్ధతి వాళ్ళు ఆనాడే చేశారు. రాతి గోడైతే బరువు మోయడానికి గోడే చోటంతా తినేస్తుంది, కిటికీ చిన్నదైపోతుంది. సన్నటి ఇనుప స్తంభాలు ఆ బరువు మోస్తాయి కాబట్టి అంతంత కిటికీలు పెట్టగలిగారు. బ్రాడ్వే, బ్రూమ్ వీధుల మూల మీద 1857 నాటి హావౌట్ భవనం చూపించావే, ఓటిస్ తన లిఫ్టులో మనుషుల్ని ఎక్కించింది అక్కడేనని తెలిసేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. కానీ ఇనుమంతా వీధికి చూపించేందుకే. లోపల రెండు పక్కలా ఇటుక గోడలు, వాటి మీద చెక్క దూలాలు, దూలాల మీద చెక్క పలకలు. నిప్పు రవ్వ పడితే?

మేనకోడలు: అదా నీ భయం?

మామయ్య: నాది కాదు, ఇక్కడి ఫైర్‌మన్లది. ఈ పేటని వాళ్ళు 'నరకపు వంద ఎకరాలు' అనేవాళ్ళట. కాగిన పోత ఇనుము మీద పైపు నీళ్ళు పడితే పగుల్తుంది. సోహోకి కాస్త ఉత్తరాన, వాషింగ్టన్ స్క్వేర్ పక్కన ట్రయాంగిల్ చొక్కాల కార్ఖానా ఉండేది చూడు, అదీ లాఫ్ట్ భవనమే. ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తులు. 1911 మార్చి 25న మంటలు లేస్తే ఒక తలుపుకి తాళం వేసి ఉంది. 146 మంది పోయారు, ఎక్కువమంది వలస వచ్చిన ఆడపిల్లలు. భవనం మాత్రం నిలబడింది. ఇప్పుడు అందులో యూనివర్సిటీ నడుస్తోంది.

మేనకోడలు: ఆ ఘోరం తర్వాతే ఈ రాష్ట్రంలో అగ్నిమాపక చట్టాలు మారాయి. మనం చూసినదాంట్లో స్ప్రింక్లర్లు ఉన్నాయి, రెండో మెట్లదారి ఉంది, నువ్వే ఎక్కి దిగావు. మిగతాది ఇన్‌స్పెక్టరు తేలుస్తాడు. నీ అసలు అభ్యంతరం ఇది కాదు.

మామయ్య: కాదు. అన్ని లక్షల డాలర్లిచ్చి నువ్వు కొనేదేమిటో నాకు చెప్పు.

మేనకోడలు: షేర్లు. కో-ఆప్‌లో భవనమంతా ఒక కార్పొరేషన్‌ది. మన అంతస్తుకి ఇన్నని షేర్లుంటాయి. వాటితోపాటు అక్కడ ఉండే హక్కు ఇస్తూ లీజు రాసిస్తారు. నెలనెలా మెయింటెనెన్సు కట్టాలి. పన్నులు, బాయిలరు, లిఫ్టు, భవనం మీద అప్పుంటే దాని వాయిదా, అన్నీ అందులోనే.

మామయ్య: అంటే నీ పేరు మీద దస్తావేజు ఉండదు. సెంటు నేల రాదు. ఇల్లమ్మినంత డబ్బు పోసి, కాగితం మీద మాత్రం నువ్వు అద్దెకున్నదానివి! దానికి తోడు బోర్డు అని కొందరు కూచుని నీ పన్ను రిటర్నులు, బ్యాంకు లెక్కలు, నువ్వు మంచిదానివని నలుగురు రాసిన ఉత్తరాలు అన్నీ చదివి, వద్దంటే కారణం కూడా చెప్పక్కర్లేదట. బ్రోకరమ్మ నవ్వుతూ చెప్పింది.

మేనకోడలు: జాతి, మతం లాంటివి కారణంగా కాదనకూడదు. అది తప్పిస్తే, నిజమే, చెప్పక్కర్లేదు.

మామయ్య: ఇది కాక పది లక్షలు దాటిన ఇంటికి కొనేవాళ్ళు కట్టాల్సిన మ్యాన్షన్ ట్యాక్స్. నీ ధరకి ఒకటిన్నర శాతం. 52,500 డాలర్లు. గోడౌనుకి భవంతి పన్ను! వీధివైపు కిటికీ మార్చాలన్నా, చారిత్రక ప్రాంతం కాబట్టి, ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి. ఇదే డబ్బుకి ఇక్కడ న్యూజెర్సీలో ఎకరం స్థలంలో ఇల్లొస్తుంది. కాలి కింద నేల నీదవుతుంది.

మేనకోడలు: నేల కావాలా? సోహోలోనే ఉంది, చూపిస్తాను. వూస్టర్ వీధి, 141 నంబరు, మేడ మీద. వాల్టర్ డి మరియా అనే కళాకారుడు 1977లో ఒక లాఫ్ట్ నిండా మట్టి పోశాడు. 3,600 చదరపు అడుగులు, 22 అంగుళాల మందం. ఇప్పటికీ అలాగే ఉంది. తడుపుతారు, దంతెతో చదును చేస్తారు, ఏమీ మొలవనివ్వరు. ఎవరైనా వెళ్ళి చూడొచ్చు, టికెట్ లేదు.

మామయ్య: ఎనిమిది సెంట్ల పైమాటే! మేడ మీద! మట్టి బరువెంత?

మేనకోడలు: 2,80,000 పౌన్లు అంటారు.

(ఇక్కడ మామయ్య గారు కాగితపు రుమాలు లాక్కుని భాగహారం చేశారు. ఆ తర్వాత పది నిమిషాలు ఆయన గొంతులో వ్యతిరేకత తగ్గిన మాట నేను గమనించాను, ఆయన ఒప్పుకోకపోయినా.)

మామయ్య: చదరపు అడుగుకి 78 పౌన్లు. ఇక్కడి కోడ్‌లో కాపురాల ఇంటికి 40 లెక్కేస్తారు. దాదాపు రెండింతలు, రాత్రీ పగలూ, ఇన్నేళ్ళుగా! సరే, బలం సంగతి నేనూ ఒప్పుకుంటాను. సరుకు కోసం కట్టినవాడు ఇంటి కోసం కట్టినవాడిలా పీనాసితనం చేయడు. కానీ ఆ మట్టి అమ్మేది కాదు, పండేది కాదు. దాన్ని చూపించి నా నోరు ఎలా మూయిస్తావు?

మేనకోడలు: మూయించడం లేదు. అంత ఖరీదైన చోట ఒక గది ఇన్నేళ్ళు ఖాళీగా ఉండగలిగిందని చెప్తున్నాను. నాకు కావాల్సిందీ ఆ ఖాళీయే. నేను పాఠం చెప్పే బేస్‌మెంట్ చూశావు కదా. సిమెంటు పలక మీద పల్చటి వినైల్. కప్పు ఏడడుగులు, దాని కింద మళ్ళీ హీటరు గొట్టాలు. పొడుగు పిల్ల మండీ భంగిమలోంచి లేచి గెంతితే తల ఎక్కడ తగుల్తుందోనని నా చూపంతా పైనే ఉంటుంది, దాని పాదం ఎలా పడిందో చూడను. సిమెంటు మీద రోజూ అడుగులు తొక్కితే మోకాళ్ళు ఏమవుతాయో నా ఎక్స్‌రేలు చెప్తాయి. దూలాల మీద పరిచిన చెక్క అలా కాదు. అడుగు వేస్తే వెంట్రుకవాసి లోపలికెళ్ళి తిరిగి కాలికి ఇచ్చేస్తుంది. ఇవాళ బూట్లు విప్పి అక్కణ్ణుంచి ఇక్కడికి నడిచానా, ఆ చివరి కిటికీ దగ్గర్నుంచి ఈ కిటికీ దాకా అడ్డం ఏమీ లేదు. ప్రవేశ దరువుకి పాత్ర ఎంత దూరం నుంచి రావాలో అంత దూరం ఉంది. నేను కొనేది ఆ దూరాన్ని.

మామయ్య: నువ్వు నడిచావు, నేను తన్నాను. మధ్యలో నిలబడి మడమలతో నాలుగు దెబ్బలు కొట్టి చూశాను. బ్రోకరమ్మ నన్ను అదోలా చూసింది. దూలం ఈ గోడ నుంచి ఆ గోడకి ఒకటే విడత. నడుమ స్తంభం లేదు. నీకు అదే అందం, నాకు అదే అనుమానం. బలం వేరమ్మా, ఊగడం వేరు. మట్టి కదలకుండా కూచుంటుంది. నీ పిల్లలు పదిహేను మంది ఒకే జతికి ఒక్కసారి కాలు వేస్తే ఆ తాళం దూలానికి ఎక్కుతుంది. విరగదు. కింద ఉన్నవాళ్ళ పింగాణీ గిన్నెలు మాత్రం లేచి ఆడతాయి.

మేనకోడలు: స్ట్రక్చరల్ ఇంజనీరు చేత కొలిపిస్తాను. ఈ పేటలో మొదటి నాట్యం నాది కాదులే. బ్రాడ్వే మీద 541లో ట్రిషా బ్రౌన్, డగ్లస్ డన్, డేవిడ్ గోర్డన్ లాంటి నర్తకులు అంతస్తులు తీసుకుని అక్కడే కాపురమున్నారు, అక్కడే సాధన చేశారు. 1970లో ట్రిషా బ్రౌన్ వూస్టర్ వీధి 80 నంబరు భవనం పైనుంచి ఒక మనిషిని తాళ్ళతో గోడ మీద నిటారుగా నడిపించి దాన్ని నృత్యం అంది. మరుసటి ఏడు, అంటే 1971లో, నర్తకుల్ని సోహో డాబాల మీద దూరదూరంగా నిలబెట్టి ఒకరి కదలికని మరొకరికి అందించమంది.

మామయ్య: వాళ్ళకి ఎంతకి దొరికాయమ్మా ఆ అంతస్తులు? అది చెప్పు.

మేనకోడలు: చవగ్గానే.

మామయ్య: ఎంత చవగ్గా?

మేనకోడలు: డొనాల్డ్ జడ్ అనే శిల్పి 1968లో స్ప్రింగ్ వీధి 101 నంబరు భవనం మొత్తం, అయిదంతస్తులు, 68,000 డాలర్లకి కొన్నాడు. ఒక్కో అంతస్తు ఒక్కో పనికి. పడుకోవడానికి ఒకటి, తినడానికి ఒకటి, పనికి ఒకటి. గోడలు కట్టలేదు. ఇప్పుడది మ్యూజియం.

మామయ్య: నీ మ్యాన్షన్ ట్యాక్సుకి ఇంకాస్త కలిపితే ఆయన భవనమే వచ్చేది. ఎందుకంత చవక? అదీ చెప్పాలి నువ్వు.

మేనకోడలు: కార్ఖానాలు ఊరొదిలి పోతున్నాయి. దానికి తోడు నగర నిర్మాణాల్లో చక్రం తిప్పిన అధికారి రాబర్ట్ మోజెస్ బ్రూమ్ వీధి మీదుగా పెద్ద ఎక్స్‌ప్రెస్‌వే వేయాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టాడు. రేపో మాపో కూలగొట్టే భవనానికి ఎవరు రిపేరు చేస్తారు, ఏ బ్యాంకు అప్పిస్తుంది? రచయిత్రి జేన్ జేకబ్స్, ఆవిడతోపాటు ఆ చుట్టుపక్కల జనం అడ్డం తిరిగారు. 1968లో బహిరంగ విచారణలో గొడవైతే ఆవిడని అరెస్టు చేశారు. మరుసటి ఏడు ఆ రోడ్డు ప్రణాళికే పోయింది. ఈ అనుమానం నడిచినన్నాళ్ళూ ఖాళీ అంతస్తుల్లోకి చిత్రకారులు, శిల్పులు చేరారు. జార్జ్ మాసియూనస్ అనే కళాకారుడు 1967 నుంచి భవనాలు కొని ఆర్టిస్టుల కో-ఆప్‌లుగా మార్చాడు. వూస్టర్ వీధి 80 వాటిలో మొదటిది. నువ్వు తిట్టిపోస్తున్న ఈ కో-ఆప్ పద్ధతి ఇక్కడ పాతుకుపోయింది అలాగే. డబ్బు లేనివాళ్ళు కలిసి కొనుక్కునే దారి.

మామయ్య: చట్టం ఒప్పుకుందా?

మేనకోడలు: లేదు. అది కార్ఖానాల జోను. కాపురం ఉండకూడదు. చాలామంది బయటికి తెలియకుండా ఉండేవాళ్ళు. ఏ.ఐ.ఆర్. అంటే 'ఆర్టిస్ట్ ఇన్ రెసిడెన్స్'. మంటలొస్తే ఈ భవనంలో మనుషులున్నారని ఫైర్‌మన్లకి తెలియడానికి గుమ్మం పక్కన ఆ పలక తగిలించేవాళ్ళు. 1971లో సోహోలో కాపురాన్ని చట్టబద్ధం చేశారు గానీ, నగర సాంస్కృతిక శాఖ ఆర్టిస్టు అని సర్టిఫికెట్ ఇచ్చినవాళ్ళకే.

మామయ్య: అదీ ఆ చిన్న అక్షరాల గుట్టు! మరి ఇప్పుడు అమ్మేవాడు ఏం వేస్తాడు, బొమ్మలా?

మేనకోడలు: లాయరు.

మామయ్య: లాయరా!

మేనకోడలు: ఏళ్ళుగా ఇక్కడ నడిచిన వాడుక అది. ఆర్టిస్టులకి మాత్రమే అన్న సంగతి తెలిసే కొంటున్నాను, ఇబ్బందొస్తే పూచీ నాదే, భవనానిది కాదు అని కొనేవాళ్ళు ఒక ఉత్తరం మీద సంతకం పెట్టేవారు. సోహో లెటర్ అంటారు. నగరం చూసీ చూడనట్టు ఊరుకుంది. 2021 చివర్లో జోనింగు మార్చారు. అప్పుడు చదరపు అడుగుకి 100 డాలర్లు ఆర్ట్స్ నిధికి కట్టి మామూలు ఇల్లుగా మార్చుకోవచ్చన్నారు. ఆ లెక్కన మన 2,300 అడుగులకి 2,30,000. ఆ రుసుము మీద కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి.

మామయ్య: నువ్వు ఆ ఉత్తరం మీద సంతకం పెట్టడానికి వీల్లేదు. అంతే.

మేనకోడలు: నాకు అక్కర్లేదు మామయ్యా! చట్టంలో చిత్రకళ, శిల్పం పక్కనే కొరియోగ్రఫీ అని పేరు పెట్టి రాశారు. నేను కూర్చిన రూపకాల ఆధారాలు చూపించి సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెడతాను. ఆ నియమం రాసింది ఎవరి కోసమో, వాళ్ళలో నేనొకదాన్ని. లాయరు లోపలున్నాడు, నర్తకి బేస్‌మెంట్‌లో ఉంది.

(ఈ మాటకి నేను మనసులో ఆవిడ పక్షం చేరిపోయాను. మామయ్య గారు చేరలేదు.)

మామయ్య: బాగుంది. కానీ ఆ నియమం రాసినప్పుడు వాళ్ళ మనసులో ఉన్న మనిషి చేతిలో 35 లక్షల డాలర్లున్నాయా? కోపం తెచ్చుకోకు. నువ్వు కళాకారిణివే, కానీ ఆ తలుపు తీస్తున్నది నీ కళ కాదు, మీ ఆయన జీతం. మొదట కుట్టుపని ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. బొమ్మలేసేవాళ్ళు వచ్చారు, పేట కళకళలాడింది. కళకళలాడేసరికి అద్దెలు పెరిగి వాళ్ళలో చాలామంది పోయారు. తర్వాత లాయర్లు, ఆ తర్వాత నువ్వు. నీ దగ్గర నేర్చుకుని రేపు సొంతంగా రూపకం కట్టే పిల్లకి అక్కడ నిలబడేంత చోటు కొనే తాహతు ఉంటుందా?

మేనకోడలు: ఉండదు. అది నా తప్పు కాదని అనను, నా ఒక్కదాని తప్పని కూడా ఒప్పుకోను. 1982లో లాఫ్ట్ చట్టం వచ్చింది గనక అలాంటి చోట్ల అద్దెకున్నవాళ్ళు కొందరైనా నిలదొక్కుకున్నారు. నేను మానేస్తే ఆ పిల్లకి వస్తుందా? ఇంకొకాయన కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. ఇవాళ టేపు పట్టుకుని వచ్చాడు, చూశావుగా. మూడు బెడ్‌రూములు, ఒక ఆఫీసు గది, సినిమా చూసే గది అంటున్నాడు. ఖాళీని చూసి మోజుపడి వస్తారు, అంత ధరా ఖాళీకే ఇస్తారు, చేతికి రాగానే గోడలు కట్టేస్తారు. 

మామయ్య: కడితే చీకటి కొట్టు అవుతుంది. బెడ్‌రూము అనాలంటే కిటికీ ఉండాలి. కిటికీలు వీధివైపు, వెనకవైపు, అంతే. పక్క గోడలకి పక్క భవనాలు ఆనుకుని ఉన్నాయి. నడుమ యాభై అడుగులు మిట్టమధ్యాహ్నం లైటు వేసుకోవాలి. ఇంత డబ్బు పోసి వెలుతురు రెండు చివర్ల మాత్రమే ఉండే ఇల్లా? మన మండువా లోగిలి చూడు, వెలుగు నట్టింట్లో పడేది. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం. వాన పడినా ఇంట్లోనే, వెన్నెల కాసినా ఇంట్లోనే.

మేనకోడలు: ఆ లోగిలి ఏదీ ఇప్పుడు?

మామయ్య: ...

మేనకోడలు: పడగొట్టి ఫ్లాట్లు కట్టించింది ఎవరు మామయ్యా? ప్లాను గీసింది ఎవరు?

మామయ్య: అన్నదమ్ములం నలుగురం. నాలుగు వాటాలు పంచాలి. వసారాలు పంచుకోవచ్చు, గదులు పంచుకోవచ్చు. నడుమనున్న ఖాళీని నలుగురికీ ఎలా పంచుతావు? దాన్ని ఎవరి వాటాలో వేసినా మిగతా ముగ్గురికీ కోపం. పూడ్చేసి పునాది తీస్తే అందరికీ సమానం అయింది. గీసింది నేనే. పార్కింగు కూడా కుదిరింది.

మేనకోడలు: అమ్మమ్మ అక్కడే కదా మాకు కోలాటం నేర్పింది.

మామయ్య: అమ్మమ్మ సంతకం కూడా ఉంది ఆ కాగితం మీద.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మజ్జిగ గిన్నె ఒకసారి తిరిగింది. అంతసేపూ మామయ్య గారు బ్రోకరు ఇచ్చిన కాగితాలు తిరగేస్తున్నారు. మేమెవరమూ వాటిని విప్పి కూడా చూడలేదు. ఇల్లు కొనేవాళ్ళు ఫొటోలు చదివినంత శ్రద్ధగా కాగితాలు చదవరు.)

మామయ్య: ఇదేమిటి, 'హౌస్ రూల్స్' అని?

మేనకోడలు: కో-ఆప్ నిబంధనలు. చెత్త ఎప్పుడు బయటపెట్టాలి, కుక్కని లిఫ్టులో ఎలా తీసుకెళ్ళాలి, అలాంటివి.

మామయ్య: ఇందులో ఒకటుంది, నువ్వే చదువు. వంటగది, స్నానాల గదులు తప్ప మిగతా నేలలో 80 శాతం కార్పెట్టుతోగానీ, చప్పుడు పీల్చే మరో పరుపుతోగానీ కప్పి ఉంచాలి.

మేనకోడలు: ఏదీ... అది ఇక్కడ చాలా భవనాల్లో ఉండేదే. అందరూ పాటించరు.

మామయ్య: కిందవాళ్ళు ఫిర్యాదు చేసేదాకా పాటించరు. గజ్జెలు కట్టిన రెండో రోజే చేస్తారు. చెక్క నేల కోసం కొని దాని మీద కార్పెట్టు పరుచుకుంటావా? ఇంకోటి, దాని కింద. వృత్తి కోసం బయటివాళ్ళు రాకపోకలు సాగించాలంటే బోర్డు ముందస్తు అనుమతి కావాలిట. నీ పిల్లలు, వాళ్ళ తల్లులు, నట్టువాంగం చేసేవాడు, అందరూ బయటివాళ్ళే.

మేనకోడలు: ఆర్టిస్టులు పనిచేసుకోవడానికి పుట్టిన భవనంలో పని చేయడానికి అనుమతా!

మామయ్య: పుట్టించినవాళ్ళు లేరు కదమ్మా అక్కడ. ఇప్పుడున్నవాళ్ళకి నిద్ర కావాలి. వాళ్ళు పెట్టిన డబ్బుకి అది అడిగే హక్కుంది. నువ్వే అన్నావుగా, షేర్లని. నీ చేతిలో ఎన్ని షేర్లుంటాయో, నీ అడుగుల మీద ఓటు వేసేవాళ్ళ చేతిలో అంతకు నాలుగింతలు ఉంటాయి.

మేనకోడలు: బోర్డు నిబంధనకి మినహాయింపు ఇవ్వొచ్చు. నేల కింద రబ్బరు పొర వేసి, దాని మీద ఇంకో చెక్క నేల తేలేలా పరిపిస్తానంటాను. చప్పుడు చాలావరకు ఆగుతుంది. పాఠం వేళలు రాసిస్తాను. ఇప్పుడే మా లాయరుకి మెయిలు పెడుతున్నా. ఆఫర్ ఇవ్వకముందే బోర్డుని రాతపూర్వకంగా రెండు అడగాలి. కార్పెట్టు నిబంధన ఒకటి, విద్యార్థులు ఒకటి.

మామయ్య: మూడోది నా తరఫున రాయి. కింది అంతస్తు కప్పు ఒకచోట విప్పి దూలం చూసుకోవడానికి ఒప్పుకుంటారా అని. కొలత లేకుండా అక్కడ గెంతనివ్వను.

మేనకోడలు: అంటే కొనమన్నట్టేనా?

మామయ్య: కొనమనలేదు. కొంటే చూసి కొనమంటున్నాను. వాళ్ళు మినహాయింపు ఇవ్వకపోతే?

మేనకోడలు: వంటగదీ అవీ తీసేస్తే 2,000 అడుగులు. అందులో 20 శాతం. 400 చదరపు అడుగుల చెక్క నేల మిగుల్తుంది. మా బేస్‌మెంట్ ఎంతుంటుందో మరి, ఎప్పుడూ కొలవలేదు.

మామయ్య: 640. పొద్దున్నే కొలిచాను.